చెన్నైలో ఉంటూ జపాన్‌లో కేర్‌గివర్ ఉద్యోగానికి వర్క్ వీసా: మొదటి అక్షరం నుంచి విమానం దాకా

చాలామంది అడిగే మొదటి ప్రశ్న "వీసాకి ఎంత అవుతుంది?" అని. జపాన్ కేర్‌గివర్ ఉద్యోగం విషయంలో ఆ ప్రశ్నే తలకిందులు. ఇక్కడ వీసా ఆఖరి మెట్టు. అన్నిటికన్నా తేలికైన మెట్టు కూడా అదే. ముందు భాష, తర్వాత పరీక్షలు, తర్వాత ఉద్యోగమిచ్చే సంస్థతో ఒప్పందం, తర్వాత జపాన్ ఇమిగ్రేషన్ వాళ్లిచ్చే పత్రం, అన్నీ అయ్యాక వీసా. ఎవరైనా ఈ వరస తిప్పేసి "వీసా రెడీగా ఉంది, ముందు డబ్బు కట్టండి, భాష అక్కడికెళ్లాక నేర్చుకోవచ్చు" అన్నారంటే, వాళ్లిచ్చే కాఫీ కూడా తాగకుండా లేచి వచ్చేయండి.

నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చి చెన్నైలో పనిచేసుకుంటున్న మనవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆసుపత్రుల్లో వార్డు ఆయాలు, ఇళ్లలో హోమ్ నర్సులు, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేసి చిన్న నర్సింగ్ హోముల్లో నైట్ డ్యూటీలు చేసేవాళ్లు, ఇంటర్‌తో ఆపేసి ఏదో ఒక దారి వెతుకుతున్నవాళ్లు, అందరూ ఇందులో ఉన్నారు. బెంగళూరులో ఉన్నవాళ్లకు తేడా వచ్చే చోట విడిగా చెబుతాను.

జపానే ఎందుకు

ముందు మూసుకుపోయిన దారి గురించి. బ్రిటన్ కేర్ వర్కర్ వీసా కొన్నేళ్లు మనవాళ్లను బాగా ఊరించింది. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడం ఆ దేశం ఆపేసింది. అయినా "యూకే స్పాన్సర్‌షిప్ ఉంది, పది లక్షలు" అనే మెసేజ్‌లు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉన్నాయి. నమ్మకండి.

గల్ఫ్ సంగతి వేరు. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) రకంలోకి వస్తుంది. సౌదీ, కువైట్, ఖతార్, యూఏఈ, ఒమన్ సహా 18 దేశాలకు ఆ పాస్‌పోర్టుతో పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లకైతే 30 ఏళ్లు నిండి ఉండాలి, ప్రభుత్వం అనుమతించిన సంస్థల ద్వారానే వెళ్లాలి. ఈ నియమం దాటించడానికే ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపుతుంటారు. అలా వెళ్లినవాళ్ల దగ్గర అక్కడ చెల్లే ఉద్యోగ ఒప్పందమే ఉండదు.

జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చేసి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు నా సలహా వేరు. మీరు ముందు జర్మనీలో నర్సు ఉద్యోగాల వైపు చూడండి. జర్మన్ భాష బీ2 స్థాయి దాకా రావాలి, కష్టమే. కానీ చేసిన చదువుకు తగ్గ హోదా దొరుకుతుంది. జపాన్ కేర్‌గివర్ దారిలో మన నర్సింగ్ చదువుకు పరీక్షల్లో మినహాయింపేమీ లేదు. అక్కడికెళ్లాక ఇంజెక్షన్ కూడా ఇవ్వనివ్వరు, అది నర్సు పని. ఇది తెలిసి వెళితే ఇబ్బంది లేదు. తెలియక వెళ్లినవాళ్లే మూడో నెలకల్లా కుంగిపోతున్నారు.

మిగతావాళ్లకు, అంటే డిగ్రీ లేకపోయినా ఓపిక, ఒంట్లో బలం, కుదురుగా చదివే గుణం ఉన్నవాళ్లకు, జపాన్ దారి నిజంగానే తెరిచి ఉంది. దీన్ని స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా అంటారు. జపాన్ వాళ్ల మాటలో తొకుతే గినో. 2019 ఏప్రిల్‌లో మొదలైంది. 2021 జనవరిలో భారత్, జపాన్ దీని మీద ఒప్పందం చేసుకున్నాయి. ఇందులో వృద్ధుల సంరక్షణ విభాగాన్ని కైగో అంటారు. 18 ఏళ్లు నిండాలి. చదువు ఇంత ఉండాలని నియమం లేదు, కాకపోతే తీసుకునే సంస్థలు కనీసం ఇంటర్ అయినా ఉందా అని చూస్తాయి. మొత్తం 5 ఏళ్లు ఉండొచ్చు. ఆ 5 ఏళ్లూ భర్తనో భార్యనో పిల్లలనో వెంట తీసుకెళ్లడానికి లేదు. చిన్న పిల్లలున్న తల్లులు ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగి ఇంట్లో మాట్లాడుకోవాలి.

అక్కడ చేసే పని ఇది

సంతకాలు పెట్టేటప్పుడు ఎవరూ చెప్పని సంగతులు ఇక్కడ చెబుతాను. కైగో అంటే ముఖ్యంగా మూడు పనులు: తినిపించడం, స్నానం చేయించడం, మలమూత్రాల విషయంలో సాయం చేయడం. మంచం మీదుండే మనిషికి డైపర్ మార్చడం, ఒంటికి పుండ్లు పడకుండా గంటల లెక్కన పక్క తిప్పడం, మంచం నుంచి చక్రాల కుర్చీలోకి మార్చడం రోజూ ఉంటాయి. మతిమరుపు జబ్బున్న పెద్దావిడ మీ చెయ్యి విదిలించి తిట్టొచ్చు. పది నిమిషాలు ఆగి మళ్లీ నవ్వుతూ వెళ్లాలి. నైట్ డ్యూటీలు ఉంటాయి. చాలా చోట్ల సాయంత్రం నుంచి మర్నాడు పొద్దుటిదాకా ఒకే డ్యూటీగా 16 గంటలు వేస్తారు.

శాకాహారులు ఇంకో సంగతి ఆలోచించుకోవాలి. మీరు తినకపోయినా, చేప ముక్కలు మెత్తగా చేసి తాతగారికి తినిపించాల్సింది మీరే. దానికి ఇబ్బంది పడేవాళ్లు ఈ ఉద్యోగం జోలికి వెళ్లకపోవడమే మంచిది.

చెన్నైలో ఏదైనా వృద్ధాశ్రమంలోనో, హోమ్ నర్సింగ్ సంస్థలోనో కొన్నాళ్లు పనిచేసి చూడండి. వీసాకి ఆ అనుభవం అక్కర్లేదు. కానీ ఈ పని మీకు పడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి కూడా పనికొస్తుంది.

పాస్‌పోర్టు, పేరు

భాష క్లాసులో చేరిన వారంలోనే పాస్‌పోర్టుకు అప్లై చేయండి. పరీక్ష హాల్లో గుర్తింపు పత్రంగా అదే కావాలి. 36 పేజీల మామూలు పాస్‌పోర్టుకు 1,500 రూపాయలు. ఆధార్ ఆంధ్ర అడ్రసుతో ఉన్నా చెన్నైలో అప్లై చేయొచ్చు. సాలిగ్రామం, అమింజికరై, తాంబరంలో పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి. కాకపోతే మీరు రాసిన అడ్రసుకే పోలీసు వెరిఫికేషన్ వస్తుంది. హాస్టల్ అడ్రసు ఇస్తే ఆ రోజు అక్కడ ఉండాలి, వార్డెన్‌కి ముందే చెప్పి ఉంచాలి. సొంతూరి అడ్రసు ఇస్తే ఊరికి వెళ్లి రావాలి. ఏదో ఒకటి తేల్చుకుని ఫారం నింపండి.

మనవాళ్లకు అసలు తలనొప్పి పేరుతోనే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, తమిళనాడులో చదివిన సర్టిఫికెట్‌లో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్‌గా ఉంటుంది. ముందు వీటిని ఒక దారికి తెచ్చి, పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు విడివిడిగా పూర్తిగా వేయించండి. ఆ తర్వాత పరీక్ష రిజిస్ట్రేషన్, ఉద్యోగ ఒప్పందం, ఇమిగ్రేషన్ అప్లికేషన్, అన్నింట్లో పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే అక్షరం పొల్లుపోకుండా రాయాలి. పరీక్ష రిజిస్ట్రేషన్ పని క్లాసు వాళ్లకో నెట్ సెంటర్ వాళ్లకో వదిలేయకండి. దగ్గర కూర్చుని చేయించండి, యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి.

భాష: నెలలు పట్టేది ఇక్కడే

జపనీస్ రెండు పరీక్షల్లో ఏదో ఒకదానితో నిరూపించుకోవచ్చు. ఒకటి జేఎల్‌పీటీ అనే పరీక్షలో ఎన్4 స్థాయి. ఇందులో అంకె తగ్గేకొద్దీ స్థాయి పెరుగుతుంది, ఎన్4 కన్నా ఎన్3 పెద్దది. జులై, డిసెంబర్ నెలల్లో జరుగుతుంది, కాగితం మీద రాసే పరీక్ష. 180 మార్కులకు 90 రావాలి, వినే భాగంలో కనీస మార్కులు విడిగా ఉంటాయి. ఫలితాలకు దాదాపు రెండు నెలలు ఆగాలి. రెండోది జేఎఫ్‌టీ బేసిక్. కంప్యూటర్ మీద గంటసేపు రాసేది. 250కి 200 రావాలి. ప్రోమెట్రిక్ సంస్థ సైట్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. స్కోరు ఆ రోజే తెలిసిపోతుంది. తప్పితే మళ్లీ రాయడానికి కొన్ని వారాలు ఆగాల్సి ఉంటుంది.

ఏది మంచిది? త్వరగా తేలాలంటే జేఎఫ్‌టీ. కానీ ఇంటర్వ్యూ చేసే జపాన్ వాళ్లలో ఎన్4 అంటే గౌరవం ఎక్కువ, ఎన్3 ఉంటే ఇంకా ఎక్కువ. వీలైతే జేఎఫ్‌టీ రాసేసి పని ముందుకు నడుపుతూ, దగ్గర్లో వచ్చే ఎన్4కి కూడా ఫీజు కట్టండి. చెన్నైలో జేఎల్‌పీటీ వ్యవహారం చూసేది నెల్సన్ మాణిక్కం రోడ్డులోని ఏబీకే ఏఓటీఎస్ దోసోకై. ఎన్నో ఏళ్లుగా జపనీస్ నేర్పుతున్న సంస్థ అది, క్లాసులకు కూడా అడిగి చూడొచ్చు. అప్లికేషన్ తేదీలు పరీక్షకు చాలా ముందే ముగుస్తాయి. జులై పరీక్ష రాయాలనుకుంటే కొత్త సంవత్సరం నుంచే వాళ్ల సైట్ చూస్తూ ఉండండి.

రోజూ రెండు మూడు గంటలు కూర్చోగలిగితే సున్నా నుంచి ఈ స్థాయికి ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. "45 రోజుల్లో ఎన్4" అనే బోర్డుల ముందు నుంచి తల తిప్పుకుని వెళ్లిపోండి. వాక్యం అల్లిక మనకు కలిసొస్తుంది. కర్త ముందు, క్రియ చివర, విభక్తులు మాట వెనక, అచ్చం తెలుగులాగే. అందుకే మాట్లాడటం తొందరగా పట్టుబడుతుంది. చిక్కంతా రాతలో ఉంది. హిరగనా, కతకనా రెండు లిపులూ మొదటి నెలలో పూర్తి చేయాలి. క్లాసులో రోమన్ అక్షరాలతోనే లాగిస్తుంటే ఆ క్లాసు మార్చేయండి. కంజి అక్షరాలు, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు, రోజుకు ఐదు చొప్పున రాసుకుంటూ పోతే మూడు వందలు దాటడం పెద్ద కష్టం కాదు.

డబ్బు లేనివాళ్లు కూడా ఆగిపోనక్కర్లేదు. జపాన్ ఫౌండేషన్ వాళ్లు ఇరోదోరి అనే పాఠ్యపుస్తకాన్ని ఆడియోతో సహా ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. జేఎఫ్‌టీకి కావలసిన స్థాయి అదే. సబర్బన్ లోకల్‌లో రోజూ తిరిగేవాళ్లు ఆ ఆడియో చెవిలో పెట్టుకుంటే సగం పని అయిపోతుంది.

కైగో పరీక్షలు రెండు

భాష పరీక్ష కాక ఇంకో రెండున్నాయి. రెండూ ప్రోమెట్రిక్ ద్వారానే, కంప్యూటర్ మీదే. మొదటిది కైగో నైపుణ్య పరీక్ష: 45 ప్రశ్నలు, 60 నిమిషాలు. దీన్ని ఇంగ్లిష్‌లో రాయొచ్చు. రెండోది కైగో జపనీస్ పరీక్ష: 15 ప్రశ్నలు, 30 నిమిషాలు, జపనీస్‌లోనే ఉంటుంది. మొదటిదానికి 60 శాతం వస్తే చాలు. రెండోదానికి 15లో 11 సరిగ్గా రాయాలి.

ప్రశ్నలు ఎలా ఉంటాయో ఒకటి చెబుతాను. పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయిన మనిషికి చొక్కా తొడగాలి. ముందు ఏ చెయ్యి? పడిపోయిన చెయ్యి ముందు. విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. అనుభవమున్న ఆయాలకు ఇది చేతి అలవాటు, పుస్తకం చదివి నేర్చుకున్నవాళ్లే తడబడతారు. చక్రాల కుర్చీలోకి మార్చే ముందు బ్రేకు వేయడం, తినిపించేటప్పుడు మెడ వెనక్కి వాలకుండా గడ్డం కొంచెం కిందికి ఉండేలా చూడటం, స్నానానికి ముందు నీటి వేడి మన చేత్తో చూడటం లాంటివి తిప్పి తిప్పి అడుగుతారు. జపాన్ సర్టిఫైడ్ కేర్ వర్కర్ల సంఘం ఈ పరీక్షకు కావలసిన పాఠాలను ఇంగ్లిష్‌తో సహా చాలా భాషల్లో ఉచితంగా ఇస్తోంది. దాన్ని రెండు సార్లు శ్రద్ధగా చదివితే నైపుణ్య పరీక్షకు విడిగా కోచింగ్ దండగ.

కైగో జపనీస్ పరీక్షకు మాత్రం మాటలు బట్టీ పట్టాలి. శరీర భాగాలు, నొప్పులు, ఆశ్రమంలో వాడే వస్తువులు, పెద్దలతో మర్యాదగా మాట్లాడే పద్ధతి ముఖ్యం.

మూడు పరీక్షలూ ఒకే నెలలో పెట్టుకోవద్దు. భాష పరీక్ష పాసయ్యాక మిగతా రెండూ ఒకే రోజునో పక్కపక్క రోజుల్లోనో బుక్ చేసుకోవచ్చు. మీకు దగ్గర్లో ఏ ఊరి సెంటర్లో సీట్లున్నాయో ప్రోమెట్రిక్ సైట్‌లోనే కనిపిస్తుంది. చెన్నైలో దొరక్కపోతే బెంగళూరు, అక్కడా లేకపోతే ఇంకో ఊరు చూసుకోండి.

ఉద్యోగం వెతకడం, ఏజెంటును తూకం వేయడం

మూడు సర్టిఫికెట్లు చేతిలో ఉన్న మనిషిని జపాన్ సంస్థలే వెతుక్కుంటూ వస్తాయి. ఈ మాట గట్టిగా పట్టుకోండి. బేరమాడే బలం మీకు వచ్చేది ఇక్కడే.

ముందు ప్రభుత్వ సంస్థలను చూడండి. తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓమ్‌క్యాప్, తమిళనాడుకు గిండీలో ఉన్న ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్ ఉన్నాయి. టామ్‌కామ్ జపాన్ కేర్‌గివర్ ఉద్యోగాలకు బ్యాచ్‌లు నడిపింది. నోటిఫికేషన్లు ఎప్పుడో ఒకసారి వస్తాయి, వయసు, చదువు నిబంధనలు పెడతాయి. ఆ ఇబ్బంది ఉన్నా మోసం భయం లేదు.

ప్రైవేటు ఏజెంటు దగ్గరికి వెళితే మొదట అడగాల్సింది విదేశాంగ శాఖ ఇచ్చిన రిక్రూటింగ్ ఏజెంట్ లైసెన్స్ నంబరు. గోడకు వేలాడే ఫ్రేమ్ చూసి సరిపెట్టుకోవద్దు. విదేశాంగ శాఖ వాళ్ల ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్ అయిన ఏజెంట్ల జాబితా ఉంటుంది. అందులో పేరు, అడ్రసు, లైసెన్స్ చెల్లుబాటు మూడూ మీరే చూసుకోండి. అనుమతి లేని ఏజెంట్ల జాబితా కూడా అక్కడే దొరుకుతుంది. "మాది ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ అండీ, లైసెన్స్ అక్కర్లేదు" అనేవాళ్లుంటారు. నేర్పడం వరకే అయితే అక్కర్లేదు. విదేశీ ఉద్యోగంలో పెడతామన్న క్షణం నుంచి కావాలి.

రెండోది డబ్బు. లైసెన్స్ ఉన్న ఏజెంటు ఉద్యోగం చూపించినందుకు మీ దగ్గర తీసుకోగల సర్వీస్ చార్జీ 30,000 రూపాయలకు మించకూడదు, దానిమీద జీఎస్టీ. జీఎస్టీ 18 శాతం కలిపితే 35,400. రసీదు ఇవ్వాలి. దీనికి మించి "ప్రాసెసింగ్", "డాక్యుమెంటేషన్", "ఎంబసీ ఫీజు", "అపోస్టిల్" అని పేర్లు మార్చి అడుగుతారు. జపాన్ కైగో వీసాకు పోలీస్ క్లియరెన్స్, సర్టిఫికెట్ల అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేయించే ప్రభుత్వ ముద్ర) సాధారణంగా అక్కర్లేదు. వాటికి వేలు కట్టమంటే ఏ కాగితంలో అడిగారో చూపించమనండి. భాష క్లాసు ఫీజు వేరే సంగతి, అది మీరు నేర్చుకున్నదానికి కట్టేది. కానీ క్లాసు ఫీజు, ఉద్యోగం ఫీజు కలిపి ఒకే మొత్తంగా చెబితే విడగొట్టి రాసివ్వమనండి.

మూడోది బాండు, ఒరిజినల్స్. మధ్యలో మానేస్తే రెండు లక్షలు కడతానని బాండు రాయించుకోవడం, పదో తరగతి ఒరిజినల్ మెమో బీరువాలో పెట్టుకోవడం మన దగ్గర మామూలైపోయింది. జపాన్ నిబంధనలు దీన్ని ఒప్పుకోవు. వెళ్లే మనిషి నుంచి గానీ ఇంట్లోవాళ్ల నుంచి గానీ డిపాజిట్ తీసుకున్నా, మానేస్తే జరిమానా అని ఒప్పందం రాయించుకున్నా ఆ సంస్థ ఈ వీసా కింద మనుషులను తీసుకోవడానికి పనికిరాదు. ఈ ముక్క ఏజెంటుకు మీరు చెబితే చాలు, మాట తీరు మారుతుంది. పాస్‌పోర్టు ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి. కాపీలు ఎన్నైనా ఇవ్వండి.

ఎవరిచేతనైనా మోసపోతే చెన్నైలో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు ఉంది. బెంగళూరులో, హైదరాబాద్‌లో కూడా ఉన్నాయి. ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090. రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు దాచి ఉంచితేనే ఫిర్యాదుకు బలం.

ఇంటర్వ్యూ, ఒప్పందం

ఇంటర్వ్యూ ఎక్కువగా వీడియో కాల్‌లోనే అయిపోతుంది. మిమ్మల్ని మీరు జపనీస్‌లో పరిచయం చేసుకోమంటారు. ఈ పనే ఎందుకు, నైట్ డ్యూటీ చేయగలరా, ఇంట్లో ఒప్పుకున్నారా అని అడుగుతారు. బట్టీ పట్టిన జవాబు వాళ్లు ఇట్టే పసిగడతారు. "మా నానమ్మకు నేనే చేశాను" అన్న నిజమైన మాట మూడు చిన్న వాక్యాల్లో చెప్పినా చాలు.

ఎంపికైతే ఉద్యోగ షరతుల పత్రం వస్తుంది. జపనీస్‌తో పాటు మీకు అర్థమయ్యే భాషలో కూడా ఇవ్వాలి. దీన్ని రాత్రి పూట ఫోన్‌లో చూసి సంతకం పెట్టేయకండి. ప్రింట్ తీయించి పెన్ను పట్టుకుని చదవండి. మూల వేతనం ఎంత, అలవెన్సులు ఎంత అనేది విడిగా చూడాలి. నైట్ డ్యూటీకి ఒక్కోదానికి ఎంత, నెలకు ఎన్ని డ్యూటీలు లెక్కలో వేశారు? ఏజెంటు చెప్పే పెద్ద అంకెలో నైట్ డ్యూటీలన్నీ కలిపేసి ఉంటాయి, నిజానికి మొదటి నెలల్లో కొత్తవాళ్లకు నైట్ డ్యూటీ వేయరు. అదే పని చేసే జపాన్ మనిషికన్నా తక్కువ జీతం ఇవ్వకూడదని చట్టం. గంట కనీస వేతనం జిల్లాను బట్టి మారుతుంది. 2025లో పెంచిన రేట్ల ప్రకారం టోక్యోలో 1,226 యెన్లు, అన్నిటికన్నా తక్కువ ఉన్న జిల్లాల్లో 1,023. మీ మూల వేతనాన్ని నెల పనిగంటలతో భాగించి ఆ అంకెతో పోల్చి చూడండి.

కోతల లెక్క కూడా వేసుకోవాలి. ఆరోగ్య బీమా, పెన్షన్, ఉద్యోగ బీమా, ఆదాయపు పన్ను మొదటి నెల నుంచే కోస్తారు. స్థానిక పన్ను రెండో ఏడాది నుంచి మొదలవుతుంది. అందుకే రెండో ఏడు జూన్‌లో చేతికొచ్చే జీతం తగ్గి, "మోసం చేశారు" అని కంగారు పడతారు. అది మోసం కాదు. గదికి అద్దె, కరెంటు కూడా జీతంలోంచే. గది మనిషికి కనీసం 7.5 చదరపు మీటర్లు ఉండాలి, అద్దె మీద సంస్థ లాభం తీసుకోకూడదు. యెన్ రూపాయికన్నా చిన్నది. ఒక యెన్‌కు 60 పైసల లోపే వస్తున్న రోజులివి. జీతం అంకె చూసి అదే రూపాయలనుకుని అప్పు చేయకండి. ఊరి దగ్గర వడ్డీకి తెచ్చే ముందు అద్దె, కోతలు, తిండి పోగా నెలకు ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి చూడండి.

టోక్యోనే కావాలని పట్టుబట్టనక్కర్లేదు. చిన్న ఊళ్లలో జీతం కొంత తక్కువైనా అద్దె బాగా తక్కువ, మిగిలేది ఎక్కువ. చలి మాత్రం కనుక్కోండి. హొక్కైదో అంటే నెలల తరబడి మంచు. మద్రాసు ఎండకు అలవాటు పడ్డ ఒళ్లు దానికి సర్దుకోవడానికి టైం పడుతుంది.

విమానం టికెట్ ఎవరు పెట్టుకుంటారో ఒప్పందంలోనే రాయించుకోండి. చాలా సంస్థలు పెడతాయి, కానీ అడిగినవాళ్లకే ముందుగా చెబుతాయి.

సీఓఈ

ఒప్పందం అయ్యాక బరువంతా జపాన్ వైపు సంస్థ మీద పడుతుంది. వాళ్లు అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసులో మీ తరఫున సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీకి దరఖాస్తు పెడతారు. అందరూ సీఓఈ అంటారు. మీరు పంపాల్సినవి: పాస్‌పోర్టు కాపీ, ఫోటో, మూడు పరీక్షల ఫలితాలు, సంతకాలు చేసిన ఒప్పందం, ఛాతీ ఎక్స్‌రేతో కూడిన ఆరోగ్య పరీక్ష ఫారం. ఆ ఫారం జపాన్ వాళ్లిచ్చిన నమూనాలోనే ఉండాలి. మన డాక్టరు గారు సొంత లెటర్‌హెడ్ మీద "ఫిట్" అని రాసిస్తే చెల్లదు.

జపాన్ వెళ్లే ముందు మీకు గైడెన్స్ అని ఒకటి జరుగుతుంది. పని, జీతం, సాయం చేసే వాళ్ల వివరాలు మీకు అర్థమయ్యే భాషలో చెప్పి సంతకం తీసుకుంటారు. ఎవరికి ఎంత డబ్బు కట్టారో రాసి సంతకం పెట్టాల్సిన కాగితం కూడా ఉంటుంది. ఏజెంటు "సున్నా అని రాసేయమ్మా" అంటాడు. రాయకండి. ఎంత కట్టారో అంతే రాయండి. రేపు గొడవ వస్తే మీ చేతిలో ఉండే సాక్ష్యం అదొక్కటే. అక్కడ మీకు ఇల్లు చూపించడం, విమానాశ్రయం నుంచి తీసుకెళ్లడం, బ్యాంకు ఖాతా తెరిపించడం లాంటి సాయానికి మీ దగ్గర డబ్బు వసూలు చేయకూడదన్నదీ ఇక్కడే తెలుసుకోవాలి.

సీఓఈ రావడానికి ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. ఇప్పుడు ఈమెయిల్‌లో కూడా వస్తోంది. వచ్చిన తేదీ నుంచి మూడు నెలల్లోపు జపాన్‌లో దిగాలి. అది చేతికి వచ్చేదాకా ఉన్న ఉద్యోగం మానకండి, హాస్టల్ ఖాళీ చేయకండి.

వీసా

ఇక్కడికి వచ్చారంటే ఇక పెద్దగా టెన్షన్ లేదు. పాస్‌పోర్టు, నింపిన ఫారం, ఫోటో, సీఓఈ తీసుకుని వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ సెంటర్లో ఇవ్వాలి. అక్కడి నుంచి అవి తేనాంపేటలోని జపాన్ కాన్సులేట్‌కు వెళతాయి. తమిళనాడుతో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా చెన్నై కాన్సులేట్ పరిధిలోవే కాబట్టి ఆంధ్ర అడ్రసు పాస్‌పోర్టుతో ఇక్కడ చిక్కు లేదు. బెంగళూరు కాన్సులేట్ కర్ణాటక వరకే. అక్కడ ఉంటూ ఆంధ్ర పాస్‌పోర్టు ఉన్నవాళ్లు కర్ణాటకలో ఉంటున్నట్టు ఏ రుజువు ఇవ్వాలో వీఎఫ్ఎస్ వాళ్లను ముందే అడిగి వెళ్లండి. కాగితాలన్నీ సరిగ్గా ఉంటే సాధారణంగా వారం పది రోజుల్లో వీసా వచ్చేస్తుంది.

జపాన్ ఈసీఆర్ దేశాల్లో లేదు కాబట్టి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ముద్ర అక్కర్లేదు. దానికి డబ్బు అడిగితే అబద్ధం.

బెంగళూరు నుంచి టోక్యో దగ్గరి నరితా విమానాశ్రయానికి జపాన్ ఎయిర్‌లైన్స్ నేరుగా నడుపుతోంది. చెన్నై నుంచి సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్ మీదుగా వెళ్లేవే ఎక్కువ. ఊరగాయ పెట్టుకోండి, కరివేపాకు వద్దు. పచ్చి ఆకులు, మాంసం జపాన్ కస్టమ్స్‌లో ఆపేస్తారు.

దిగాక, ఆ తర్వాత

నరితా, హనేదా, కన్సాయ్ లాంటి పెద్ద విమానాశ్రయాల్లో దిగగానే రెసిడెన్స్ కార్డు ఇస్తారు. ఇల్లు కుదిరిన 14 రోజుల్లో మునిసిపల్ ఆఫీసులో అడ్రసు నమోదు చేయించాలి. కార్డు ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి, సంస్థ వాళ్లకు దాచమని ఇవ్వకూడదు.

సంస్థ బాగోలేకపోతే అక్కడే చావాలని ఏమీ లేదు. ఇదే కైగో రంగంలో ఇంకో సంస్థకు మారొచ్చు, దానికి ఇమిగ్రేషన్ అనుమతి మళ్లీ తీసుకోవాలి. అనుమతి వచ్చేదాకా కొత్త చోట పని మొదలుపెట్టకూడదు.

5 ఏళ్ల తర్వాత కూడా ఉండాలనుకునేవాళ్లు మొదటి ఏడాది నుంచే ఒక పరీక్ష మీద కన్ను వేయాలి. మూడేళ్ల అనుభవం, నిర్ణీత శిక్షణ పూర్తయ్యాక కైగో ఫుకుషిషి అనే జాతీయ పరీక్ష రాయొచ్చు. ఏటా జనవరిలో ఉంటుంది, అంతా జపనీస్‌లోనే. పాసైతే కైగో అనే వేరే వీసా హోదాకు మారొచ్చు. దాన్ని రెన్యూ చేసుకుంటూ ఉండొచ్చు, కుటుంబాన్నీ తెచ్చుకోవచ్చు. డ్యూటీ అయ్యాక పడుకోకుండా ఎన్3, ఎన్2 చదివినవాళ్లకే ఇది అందుతుంది.

తిరిగి వచ్చేయాలనుకుంటే పెన్షన్ డబ్బు మర్చిపోవద్దు. జపాన్ వదిలిన రెండేళ్లలోపు లంప్‌సమ్ విత్‌డ్రాయల్‌కు అప్లై చేస్తే కట్టిన దాంట్లో కొంత భాగం మన బ్యాంకు ఖాతాకే వస్తుంది. భారత్, జపాన్ మధ్య 2016 అక్టోబర్ నుంచి సామాజిక భద్రత ఒప్పందం ఉంది. దాని కింద అక్కడి పెన్షన్ కాలాన్ని కూడా లెక్కలో కలుపుకోవచ్చు, కానీ లంప్‌సమ్ తీసేసుకుంటే ఆ కాలం పోతుంది. ఏది లాభమో మీ వయసు, మళ్లీ జపాన్ వెళ్లే ఆలోచన చూసుకుని తేల్చుకోండి. ఈ డబ్బులోంచి 20.42 శాతం పన్ను ముందే కోసేస్తారు. దాన్ని వెనక్కి రప్పించుకోవాలంటే విమానం ఎక్కే ముందే, అక్కడే ఉండే ఒకరిని మీ పన్ను ప్రతినిధిగా ట్యాక్స్ ఆఫీసులో నమోదు చేయించి రావాలి.